పాత చట్టాల ఏరివేత – ఖాజీల చట్టం చెప్పే పాఠం

మనిషికి ఆయుష్షు ఉంటుంది. ఇంటికీ ఉంటుంది, చెట్టుకూ ఉంటుంది. చట్టానికి మాత్రం ఆయుష్షు ఉండదు. చేసినవాడు పోయినా, ఎవరికోసం చేశారో వాళ్లు పోయినా, ఆ రాజ్యమే పోయినా, చట్టం మాత్రం పుస్తకంలో అలాగే కూర్చుని ఉంటుంది. మరొక చట్టం వచ్చి "నీవు రద్దు" అనాలి, లేదా న్యాయస్థానం కొట్టివేయాలి. అంతవరకు అది చట్టమే. నూరేళ్లుగా ఎవరూ దాన్ని తెరిచి చూడకపోయినా చట్టమే.

ఇట్లా పేరుకుపోయిన పాత చట్టాలను ఏరి తీసివేయటం ప్రతి దేశంలోనూ అప్పుడప్పుడు జరిగే పని. మన దేశంలో 2014 తర్వాత ఈ పని పెద్ద ఎత్తున జరిగింది. పదిహేను వందలకు పైగా కేంద్ర చట్టాలు రద్దయినాయి. పత్రికలలో ఈ సంగతి ఒక మూల చిన్న వార్తగా వస్తుంది, మనం చదివి పేజీ తిప్పేస్తాం. "ఎప్పటివో తెల్లవాడి చట్టాలట, పోతే పోయినాయి, మనకేమిటి?" అనుకుంటాం. కాని మన ఇళ్లలో జరిగే నికాహ్‌కూ, మన సొసైటీల రిజిస్ట్రేషన్ కాగితానికీ, మన వక్ఫ్ లెక్కలకూ ఈ రద్దుల చరిత్రతో సంబంధం ఉంది. అందుకే ఈ ఏటి సంచికలో మేము ఈ విషయం ఎత్తుకున్నాం. సభ్యులూ, వారి ఇంటివారూ ఓపికతో చదవాలని మా కోరిక.

రాజ్యం మారినా చట్టం మారలేదు

1950 జనవరి 26న రాజ్యాంగం అమలులోకి వచ్చిన రోజున పాత చట్టాలన్నీ ఒక్కసారిగా పోలేదు. పోవటానికి వీలు లేదు కూడా. అప్పులు, అమ్మకాలు, వారసత్వాలు, జైళ్లు, రైళ్లు, తపాలా, అన్నీ ఆ చట్టాల మీదనే నడుస్తున్నాయి. అందుచేత రాజ్యాంగంలోని 372వ అధికరణం ఒక ఏర్పాటు చేసింది. అప్పటికి అమలులో ఉన్న చట్టాలు, తగిన శాసనసభ వాటిని మార్చేవరకో రద్దు చేసేవరకో కొనసాగుతాయని చెప్పింది. 13వ అధికరణం మరొక మాట చెప్పింది. పాత చట్టంలో ఏ భాగం ప్రాథమిక హక్కులకు విరుద్ధంగా ఉందో ఆ భాగం చెల్లదని.

ఈ రెండు మాటలూ కలిపి చూస్తే మన పరిస్థితి అర్థమవుతుంది. చెడ్డ చట్టం చెల్లదు. కాని చెల్లదని ఎవరో ఒకరు కోర్టుకు వెళ్లి చెప్పించాలి. పనికిమాలిన చట్టం అక్కరలేదు; కాని అక్కరలేదని శాసనసభ చెప్పాలి. రెండూ జరగకపోతే అది ఉంటుంది. ఎవరైనా ఒక అధికారికి అవసరం పడ్డ రోజున పుస్తకం దుమ్ము దులిపి దాన్ని బయటికి తీయవచ్చు. పాత చట్టంతో వచ్చే ప్రమాదం ఇదే.

ఖాజీలు – 1864, 1880

ఇప్పుడు అసలు కథకు వస్తాం. పాత చట్టాలను తీసివేయటం మంచిదే అయినా, తొందరపడి తీసివేస్తే ఏమవుతుందో మన సమాజమే ఒకసారి అనుభవించి చూసింది.

మొగలుల కాలంలో ఖాజీ అంటే న్యాయాధికారి. తగవులు తీర్చేవాడు, దస్తావేజుల మీద మొహరు వేసేవాడు, నికాహ్‌లు జరిపించేవాడు. ఈస్టిండియా కంపెనీ చేతికి అధికారం వచ్చిన తర్వాత 1772లో వారన్ హేస్టింగ్స్ కొత్త కోర్టులు ఏర్పాటు చేశాడు. పెళ్లి, వారసత్వం వంటి విషయాలలో ముస్లిములకు వారి ధర్మశాస్త్రం, హిందువులకు వారి శాస్త్రం వర్తిస్తుందని నిర్ణయించాడు. ఇంగ్లీషు జడ్జికి ఆ శాస్త్రాలు తెలియవు గనుక పక్కన చెప్పటానికి మౌల్వీలనూ పండితులనూ ప్రభుత్వ జీతం మీద పెట్టారు. 1793లో బెంగాలులో 39వ రెగ్యులేషను ఒకటి వచ్చింది. ఖాజీ-ఉల్-ఖుజాత్‌నూ, పట్టణాలకూ పరగణాలకూ ఖాజీలనూ ప్రభుత్వమే నియమించాలని అందులో ఉంది. అప్పటికే వారి తీర్పులు చెప్పే అధికారం తగ్గిపోయింది. పెళ్లిళ్లు, దస్తావేజులు మాత్రం మిగిలినాయి.

తర్వాత డెబ్భై ఏళ్లలో లోకం మారిపోయింది. 1860లో ఇండియన్ పీనల్ కోడ్ తయారై 1862 జనవరి 1 నుండి అమలులోకి వచ్చింది. దానితో నేర విచారణలో ఫత్వా అడగవలసిన పని పోయింది. 1862లోనే కలకత్తా, బొంబాయి, మద్రాసు హైకోర్టులు వచ్చినాయి. 1864లో దస్తావేజుల రిజిస్ట్రేషనుకు దేశానికంతటికీ ఒక చట్టం వచ్చింది. ఇక కోర్టులో మౌల్వీ, పండితుడు ఎందుకు? దస్తావేజుకు ఖాజీ ఎందుకు? ప్రభుత్వం వారు ఇట్లా ఆలోచించి 1864లో 11వ చట్టం చేశారు. కోర్టులలో హిందూ, ముస్లిం ధర్మాధికారుల ఉద్యోగాలు రద్దు. ఖాజీలను నియమించే పాత రెగ్యులేషన్లు కూడా రద్దు. ఖాజీని ప్రభుత్వం నియమించటం తగదని ఆ చట్టం పీఠికలోనే వ్రాశారు.

కాగితం మీద చూస్తే ఈ ఏరివేతలో తప్పేమీ కనబడదు. పని లేని ఉద్యోగం, దాని వెనుక పాత రెగ్యులేషను, రెండూ తీసేశారు. కాని చేటతో చెరిగేవాళ్లకు తెలుసు, పొట్టు పోవాలి గాని గింజ నిలవాలి. ఇక్కడ పొట్టుతో పాటు ఒక గింజ కూడా ఎగిరిపోయింది. ఏమంటే, ఖాజీ చేసే పనులు మూడు ఉండేవి. తీర్పు చెప్పటం – అది కోర్టులకు పోయింది. దస్తావేజు ధ్రువపరచటం – అది రిజిస్ట్రారుకు పోయింది. నికాహ్ వగైరా – ఇది ఎవరికీ పోలేదు. ఎక్కడికీ పోని ఈ మూడో పనికి ఉన్న ఆధారాన్ని కూడా మొదటి రెండింటితో కలిపి ఒకే మూటగా కట్టి పారవేశారు.

ఖాజీ నికాహ్ చదవకూడదని ఆ చట్టం ఎక్కడా అనలేదు. నియమించటం మాత్రమే మానుకున్నది. అయితే దేశంలో కొన్ని ప్రాంతాలలో నికాహ్‌కు సర్కారు నియమించిన ఖాజీ ఉండటం తరతరాల ఆచారం. అక్కడ చిక్కు వచ్చింది. పాత ఖాజీ కాలం చేస్తే ఆ స్థానంలో మరొకరిని కూర్చోబెట్టే చేయి లేదు. నేనే ఖాజీనని ఇద్దరు ముగ్గురు లేచి నిలబడితే కాదనే హక్కు ఎవరికీ లేదు. నికాహ్ దఫ్తరు ఎవరి దగ్గర ఉండాలి? పదేళ్ల తర్వాత మెహరు గురించో వారసత్వం గురించో తగవు వస్తే, ఫలానా పెళ్లి ఫలానా రోజున జరిగిందని నమ్మకంగా చెప్పేదెవరు? చట్టం పుస్తకంలో ఒక పేజీ తగ్గటం దొరలకు సౌకర్యం. ఆ పేజీ మీద ఆధారపడింది ఆడపిల్ల మెహరు, పిల్లల వారసత్వం.

పదహారేళ్లు గడిచాక ప్రభుత్వం తన పని తానే సరిదిద్దుకోవలసి వచ్చింది. అప్పుడు వైస్రాయి శాసన మండలిలో సభ్యులుగా ఉన్న సయ్యద్ అహ్మద్ ఖాన్ గారు – అలీగఢ్ కాలేజీ స్థాపకులు, తర్వాత సర్ బిరుదు పొందినవారు – ఖాజీల బిల్లును ప్రవేశపెట్టారు. అది 1880లో 12వ చట్టంగా వచ్చింది. ఆ చట్టం పీఠిక ఇప్పటికీ చదవదగినది. 1864లో ఏమి రద్దు చేశారో అందులో చెప్పారు. దేశంలో కొన్ని ప్రాంతాల ముస్లిముల ఆచారం ప్రకారం పెళ్లిళ్లకు సర్కారు ఖాజీ ఉండవలసి ఉందని ఒప్పుకున్నారు. అందుచేత నియమించే అధికారం మళ్లీ ప్రభుత్వానికి ఇస్తున్నామని వ్రాశారు. రద్దు చేసిన ప్రభుత్వమే రద్దు వల్ల కలిగిన లోటును చట్టంలో వ్రాసి పెట్టటం ఎప్పుడో గాని జరగదు.

మన తెలుగువారికి ఇందులో మరొక విశేషం ఉంది. ఆ చట్టం మొదట వర్తించింది మద్రాసు గవర్నరు ఏలుబడిలోని ప్రాంతానికే. మిగతా రాష్ట్రాలు కావాలనుకుంటే తమ దగ్గరకు తెచ్చుకోవచ్చునన్నారు. కాబట్టి అప్పుడు మద్రాసు రాజధానిలో ఉన్న కోస్తా జిల్లాలకూ రాయలసీమకూ అది మొదటినుంచీ ఉన్న చట్టం. నిజాం రాజ్యంలో ఏర్పాటు వేరు.

చట్టం చాలా చిన్నది, నాలుగే సెక్షన్లు. ఒక ప్రాంతంలోని ముస్లిములు చెప్పుకోదగిన సంఖ్యలో ఖాజీ కావాలని కోరితే, అక్కడి ముఖ్యులైన ముస్లిములను సంప్రదించి, తగినవారిని ప్రభుత్వం నియమించవచ్చు. ఖాజీ తన పనిలో తప్పు చేసినా, ఎడతెగకుండా ఆరు నెలలు ఊళ్లో లేకపోయినా, వేరే చోటికి కాపురం వెళ్లిపోయినా తీసివేయవచ్చు. ఖాజీ తనకు నాయబ్‌లను పెట్టుకోవచ్చు. ఇక నాలుగో సెక్షను అన్నిటికన్నా ముఖ్యమైనది. ఈ నియామకం వల్ల ఖాజీకి న్యాయాధికారం గాని పరిపాలనాధికారం గాని రాదు. ఖాజీ లేకపోతే పెళ్లి చెల్లదనీ కాదు. నియామకం లేని మరొకరు ఖాజీ పని చేయకూడదనీ కాదు.

ఈ నాలుగో సెక్షను మన వాళ్లలో చాలామందికి తెలియదు. ఖాజీ గారి మొహరు పడితే కోర్టు డిక్రీ వచ్చినట్లేనని కొందరు అనుకుంటారు. ఖాజీ గారు రాలేదు గనుక నికాహ్ కాలేదని మరికొందరు గొడవపడతారు. 1880లోనే చట్టం ఈ రెండూ కాదన్నది. ఆ చట్టం నేటికీ అమలులో ఉంది. నూట నలభై ఏళ్లు దాటిన చట్టమని దాన్ని ఏరిపారవేయవలసిన పని లేదు, ఎందుకంటే దాని అక్కర ఇంకా తీరలేదు. దీన్నిబట్టి తెలిసేదేమంటే, చట్టం పాతదా కొత్తదా అన్నది ప్రశ్న కాదు. దాని పని అయిపోయిందా, మిగిలి ఉందా అన్నదే ప్రశ్న.

ఫస్లీ సంవత్సరాల చట్టాలు

ఇక హైదరాబాదు వైపు కథ చూద్దాం. నిజాం రాజ్యంలో చట్టాలు వేరు, భాష ఉర్దూ, లెక్క ఫస్లీ సంవత్సరాలలో. ఫస్లీకి 590 కలిపితే సుమారుగా క్రీస్తు శకం వస్తుంది. 1948 సెప్టెంబరులో హైదరాబాదు భారతదేశంలో కలిసింది. 1951లో అనేక కేంద్ర చట్టాలను హైదరాబాదు వంటి రాష్ట్రాలకు విస్తరింపజేశారు. అయినా స్థానిక చట్టాలు చాలా మిగిలినాయి. 1956 నవంబరు 1న ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన తర్వాత ఒకే రాష్ట్రంలో రెండు రకాల పాత చట్టాలు నడిచినాయి. మద్రాసు నుండి వచ్చినవాటికి 'ఆంధ్ర ప్రాంతం' అని, హైదరాబాదు నుండి వచ్చినవాటికి 'తెలంగాణ ప్రాంతం' అని పేరు మధ్యలో తగిలించారు.

మన సొసైటీల వంటివాటినే చూడండి. తెలంగాణలో సొసైటీ పెట్టాలంటే 1350 ఫస్లీ నాటి పబ్లిక్ సొసైటీల రిజిస్ట్రేషను చట్టం. ఆంధ్ర ప్రాంతంలో పెట్టాలంటే 1860 నాటి సొసైటీల రిజిస్ట్రేషను చట్టం. ఒకే రాష్ట్రం, ఒకే రకం సంఘం, రెండు చట్టాలు. ఈ స్థితి 2001 వరకు సాగింది. ఆ ఏడు ఆంధ్రప్రదేశ్ సొసైటీల రిజిస్ట్రేషను చట్టం, 35వ నెంబరు చట్టంగా వచ్చి ఆ రెండింటినీ రద్దు చేసింది.

మరి పాత చట్టం రద్దయింది గదా, దాని కింద రిజిస్టరైన సంఘాల సంగతి ఏమిటి? యతీంఖానాలు, మదర్సాలు, గ్రంథాలయాలు, సంక్షేమ సంఘాలు – అన్నీ ఒక్క రాత్రిలో లేకుండా పోయినాయా? పోలేదు. రద్దు చేసిన సెక్షనులోనే మరొక వాక్యం ఉంది. పాత చట్టాల కింద రిజిస్టరైన ప్రతి సొసైటీ ఈ చట్టం కింద రిజిస్టరైనట్లే భావించాలని. ఆ ఒక్క వాక్యం వందలాది సంఘాల ప్రాణం నిలబెట్టింది. 1864లో దొరలు చూపని జాగ్రత్త 2001లో మనవాళ్లు చూపారు. మంచి రద్దు అంటే ఇట్లా ఉండాలి. పాత గోడ పడగొట్టే ముందు దానికి ఆనుకుని ఉన్నవాళ్లకు మరొక ఆధారం చూపించాలి.

2014 జూన్ 2న రాష్ట్రం రెండుగా విడిపోయినప్పుడు కూడా ఇదే ప్రశ్న వచ్చింది. పునర్విభజన చట్టంలోని 100వ సెక్షను, పాత చట్టాలు ఆయా ప్రాంతాలలో యథాప్రకారం కొనసాగుతాయన్నది. 101వ సెక్షను, రెండేళ్లలోగా వాటిని తమకు తగినట్లు మలచుకునే వీలు కల్పించింది. ఆ విధంగా రాష్ట్రం మారినా సంఘాల రిజిస్ట్రేషను చెదరలేదు.

మౌనంగా ఉన్నా కాటు వేసే చట్టాలు

ఇంతవరకు తీసివేయటంలో చూపవలసిన జాగ్రత్త గురించి చెప్పాం. తీసివేయకపోతే జరిగే అన్యాయం కూడా చెప్పాలి. లేకుంటే మాట సగమే అవుతుంది.

హైదరాబాదు రాజ్యంలో 1329 ఫస్లీలో, అంటే 1919 ప్రాంతంలో, హిజ్రాల మీద ఒక చట్టం చేశారు. నగరంలో ఉండే హిజ్రాలకు ఒక రిజిస్టరు పెట్టాలి; ఆడవేషంలో గాని నగలతో గాని బహిరంగ స్థలంలో కనబడితే, ఆడినా పాడినా, వారంటు లేకుండా పట్టుకోవచ్చు; జైలు కూడా ఉంది. బ్రిటిషువారు 1871లో చేసిన నేరస్థ జాతుల చట్టంలో రెండో భాగం కూడా ఇట్లాంటిదే. మనిషి ఏ నేరం చేశాడని చూడకుండా, మనిషి పుట్టుకనూ వేషాన్నీ నేరంగా చూసిన చట్టాలివి. నిజాం పోయాడు, హైదరాబాదు రాష్ట్రం పోయింది, ఆంధ్రప్రదేశ్ వచ్చి విడిపోయింది. ఆ చట్టం మాత్రం 'తెలంగాణ ప్రాంతం' అనే పేరు తగిలించుకుని పుస్తకంలో ఉండిపోయింది. ఏ శాసనసభా దాన్ని రద్దు చేయలేదు. చివరికి 2018లో కొందరు కోర్టుకు వెళ్లారు. 2023 జూలైలో తెలంగాణ హైకోర్టు ఆ చట్టం రాజ్యాంగ విరుద్ధమని, మనిషి గౌరవానికీ సమానత్వానికీ భంగకరమని కొట్టివేసింది. నూరేళ్లు దాటిన తర్వాత!

నేరస్థ జాతుల చట్టం సంగతి తెలుగు జిల్లాలవారికి ఇంకా దగ్గరది. 1911లో దాన్ని మార్చి మద్రాసుకు కూడా విస్తరించారు. ఎరుకల వంటి కులాలలో పుట్టిన ప్రతి మనిషినీ పుట్టుకతోనే నేరస్థుడుగా వ్రాసుకుని, సెటిల్‌మెంట్లలో పెట్టి, హాజరు వేయించుకున్నారు. బాపట్ల దగ్గర స్టూవర్టుపురం అట్లా వచ్చిన ఊరే. 1952 ఆగస్టు 31న దేశమంతటా ఆ చట్టం రద్దయింది. ఆ కులాలవారు ఆ రోజును విముక్తి దినంగా జరుపుకుంటారు. కాని చట్టం పోయినా దాని నీడ పోలేదు. దొంగల ఊరు అనే పేరు ఆ తర్వాత కూడా దశాబ్దాలపాటు ఆ బిడ్డలను వెంటాడింది. చట్టాన్ని గెజిట్‌లో ఒక్క పూటలో రద్దు చేయవచ్చు. మనుషుల నోళ్లలో రద్దు చేయటానికి తరాలు పడుతుంది.

1898 నాటి కుష్ఠురోగుల చట్టం ఇట్లాంటిదే. దిక్కులేని బీద రోగులను పట్టుకుని ఆశ్రమాలలో నిర్బంధించే వీలు అందులో ఉండేది. ఆ జబ్బుకు మందు వచ్చి, నయమవుతుందని తేలి, ఎన్నో ఏళ్లు గడిచాక 2016లో గాని అది పోలేదు. 1876 నాటి నాటక ప్రదర్శనల చట్టం సర్కారును విమర్శించే నాటకాలను ఆపటానికి పుట్టింది. స్వరాజ్యం వచ్చిన తర్వాత 1956లో అలహాబాదు హైకోర్టు అది చెల్లదన్నది. అయినా పుస్తకంలోనుంచి అది పోయింది 2018లో.

పెద్ద ఏరివేత ఎట్లా జరిగింది

ఈ పని నిన్న మొన్నటిది కాదు. బ్రిటిషువారే 1868 నుండి అప్పుడప్పుడు రద్దు చట్టాలు చేస్తూ వచ్చారు. స్వతంత్రం వచ్చాక 1955లో ఎం.సి. సెతల్వాడ్ గారి అధ్యక్షతన లా కమిషను ఏర్పడింది. ఇండియాకు వర్తిస్తూ వచ్చిన బ్రిటిషు పార్లమెంటు చట్టాల మీద అది 1957లో నివేదిక ఇచ్చింది. 1960లో వాటిని రద్దు చేస్తూ చట్టం వచ్చింది. 1998లో పి.సి. జైన్ కమిషను పదమూడు వందలకు పైగా కేంద్ర చట్టాలను తీసివేయవచ్చునని చెప్పింది. 2001లో 357 చట్టాలు పోయినాయి. 2014లో జస్టిస్ ఎ.పి. షా గారి అధ్యక్షతన లా కమిషను వరుసగా నాలుగు నివేదికలు ఇచ్చింది. ఆ ఏడే రామానుజం కమిటీ 1,741 చట్టాల జాబితా తయారు చేసింది. ఆ తర్వాత 2015 నుండి ఒకదాని వెంట ఒకటిగా రద్దు చట్టాలు వచ్చినాయి. 2016లో ఒకే చట్టంతో 758 ద్రవ్య వినియోగ చట్టాలు పోయినాయి. మరొక చట్టంతో 294 పోయినాయి. 1867 నాటి గంగానది సుంకాల చట్టం, 1879 నాటి అద్దె గుర్రపుబండ్ల చట్టం, 1859 నాటి కలకత్తా పైలట్ల చట్టం 2018 నాటికి వెళ్లిపోయినాయి.

ఈ సంఖ్యలు చూసి ఆశ్చర్యపోవలసిన పని లేదు. ఇందులో చాలా భాగం పని ముగిసిన కాగితాలు. ద్రవ్య వినియోగ చట్టం అంటే ఏమిటి? ఆ ఏడాది ఖజానా నుండి ఇంత డబ్బు తీసి ఖర్చు పెట్టుకోవచ్చునని పార్లమెంటు ఇచ్చే అనుమతి. ఏడాది అయిపోయింది, డబ్బు ఖర్చయింది, లెక్కలు ముగిసినాయి. ఇక ఆ చట్టం వాడేసిన రైలు టిక్కెట్టు వంటిది. అట్లాగే సవరణ చట్టాలు. అసలు చట్టంలో ఫలానా మాట తీసి ఫలానా మాట పెట్టమని చెప్పటం వరకే వాటి పని. ఇల్లు కట్టటం పూర్తయిన తర్వాత సారువ కర్రలు విప్పితే ఇల్లు కూలదు గదా! సవరణ చట్టాన్ని రద్దు చేసినా, అది చేసిన సవరణ నిలిచే ఉంటుంది. 1897 నాటి జనరల్ క్లాజెస్ చట్టంలోని 6-ఎ సెక్షను ఈ సంగతి చెబుతుంది.

అదే చట్టంలోని 6వ సెక్షను ప్రతి ఇంటివారూ తెలుసుకోదగినది. చట్టం రద్దయితే అది ముందు కాలంలో చేసిన పని రద్దు కాదు. దాని కింద ఒకరికి వచ్చిన హక్కు పోదు, ఒకరి మీద పడ్డ బాధ్యత తొలగదు, చేసిన నేరానికి శిక్ష తప్పదు – కొత్త చట్టం వేరే విధంగా చెబితే తప్ప. మొన్న 2024 జూలై 1న పీనల్ కోడ్ పోయి భారతీయ న్యాయ సంహిత వచ్చినప్పుడు, పాత కేసులన్నీ కొట్టుకుపోయినాయని కొందరు చెప్పుకున్నారు. అది తప్పు. జూన్ 30న జరిగిన నేరానికి పాత కోడే వర్తిస్తుంది. కాబట్టి "ఆ చట్టం రద్దయింది, మీ కాగితం ఇక చెల్లదు" అని ఎవరైనా బెదిరిస్తే వెంటనే నమ్మవద్దు. ఏ సెక్షను ప్రకారం చెల్లదో చూపించమని అడగండి.

ఇంగ్లండులో కూడా ఈ ఏరివేత ఉంది. అక్కడ 1965లో ఏర్పడిన లా కమిషను ఏళ్ల తరబడి ఒక్కొక్క చట్టం వెనుక ఉన్న చరిత్ర వెతికి, సంబంధించినవారిని అడిగి, అభ్యంతరం లేదని తేలిన తర్వాతే జాబితాలో చేరుస్తుంది. 2013లో అక్కడ ఎనిమిది వందలకు పైగా చట్టాలను రద్దు చేసినప్పుడు, ఆ జాబితాలో ఒకప్పటి మన దేశపు రైలు కంపెనీల కోసం చేసినవి కూడా ఉన్నాయి. మన గడ్డ మీద తెల్లదొరల రైలు కంపెనీలు ఎప్పుడో పోయినాయి. వాటి చట్టాలు లండనులో అప్పటిదాకా ఉన్నాయన్నమాట.

వక్ఫ్ లెక్కలు

మనకు సంబంధించిన మరొక పాత చట్టం 1923 నాటి ముస్సల్మాన్ వక్ఫ్ చట్టం. ముతవల్లీ తన చేతిలో ఉన్న వక్ఫ్ ఆస్తి వివరాలు జిల్లా కోర్టుకు తెలపాలని, ఏటేటా లెక్కలు ఆడిట్ చేయించి దాఖలు చేయాలని అది చెప్పింది. తర్వాత 1954లో బోర్డులతో కూడిన చట్టం వచ్చింది, 1995లో మరొక సమగ్ర చట్టం వచ్చింది. 1923 చట్టం పేరుకు మాత్రం మిగిలి ఉండి, 2025 ఏప్రిల్‌లో రద్దయింది. అదే సమయంలో వచ్చిన వక్ఫ్ సవరణ చట్టం మీద జరిగిన వాదోపవాదాలు వేరే సంగతి, వాటిని ఈ వ్యాసంలో కలపటం లేదు. మేము చెప్పదలచినది ఇంతే. 1923 చట్టం పోయింది గాని, లెక్క చూపించవలసిన బాధ్యత పోలేదు. పుస్తకం మారినా, అమానతు అమానతే.

మనం చేయవలసింది

ఈ చరిత్ర చదివి పక్కన పెడితే ప్రయోజనం తక్కువ. అందుచేత సభ్యులకు కొన్ని సూచనలు మనవి చేస్తున్నాం.

మొదటిది, తమ తమ ఊళ్లలోని సంఘాల రిజిస్ట్రేషను పత్రాలు పెట్టెల్లోంచి బయటికి తీసి చూడండి. 1860 చట్టం కిందివైనా, 1350 ఫస్లీ కిందివైనా, 2001 చట్టం వాటిని నిలబెట్టింది. అయితే నిలబెట్టింది గదా అని ఊరుకోరాదు. ఏటేటా సర్వసభ్య సమావేశం, కార్యవర్గం జాబితా, లెక్కలు దాఖలు చేయటం కొత్త చట్టం ప్రకారం జరగాలి. ఉర్దూలో ఉన్న పాత పత్రాలకు తెలుగు అనువాదం చేయించి జతపరచండి. మన పిల్లలలో ఆ ఉర్దూ చదవగలిగేవారు తగ్గిపోతున్నారు. చదివేవాడు లేని పత్రం ఉండి ఏమి లాభం?

రెండవది, నికాహ్‌నామా విషయం. ఖాజీ గారి దఫ్తరులో వ్రాయించటంతో పాటు ప్రభుత్వ రిజిస్ట్రేషను కూడా చేయించండి. ఒక కాగితం పోయినా మరొకటి ఉంటుంది. 1864 నుండి 1880 దాకా ఆధారం లేక ఇబ్బంది పడ్డవారి అనుభవం మనకు చాలు.

మూడవది, ప్రభుత్వం ఏదైనా పాత చట్టం రద్దు చేస్తానంటే సంతోషించటానికో కోపగించుకోవటానికో ముందు మూడు ప్రశ్నలు వేసుకోండి. ఈ చట్టం ఇప్పుడు ఎవరికైనా అన్నం పెడుతున్నదా? ఎవరినైనా కాటు వేస్తున్నదా? ఇది పోతే దీనికి ఆనుకుని ఉన్నవాళ్లకు మరొక ఆధారం ఉందా? మొదటి ప్రశ్నకు అవునంటే జాగ్రత్తపడాలి. రెండవదానికి అవునంటే తొందరపెట్టాలి. మూడవదానికి లేదంటే నోరు విప్పి అడగాలి. 1880లో ఆ చట్టం ఊరికే రాలేదు. తమకు ఏది కావాలో సమాజం చెప్పుకున్నది, శాసన మండలిలో ఆ మాట వినిపించే మనిషి ఉన్నాడు. హిజ్రాల చట్టం పోవటానికి నూరేళ్లు పట్టింది, ఎందుకంటే వాళ్ల తరఫున అడిగేవారు అంతకాలం లేకపోయారు.

చట్టాల పుస్తకం సర్కారుది మాత్రమే అనుకోవద్దు. అందులో ప్రతి పేజీ ఎవరో ఒకరి ఇంటి గుమ్మం దాకా వస్తుంది. ఏ పేజీ ఉండాలి, ఏది పోవాలి అని అడిగే హక్కు మనకు ఉంది. అడగాలంటే ముందు చదవాలి. మన సొసైటీ గదిలో కథల పుస్తకాల పక్కనే రాజ్యాంగం తెలుగు ప్రతి ఒకటి, మన సంఘం బైలాల ప్రతి ఒకటి పెట్టించి, సెలవు రోజున పిల్లలను కూర్చోబెట్టి చదివిస్తే, ఈ వ్యాసం వ్రాసిన శ్రమ ఫలించినట్లేనని భావిస్తాం.